పెట్టెలో వచ్చిన కోటు

ఆ వానాకాలం మూడు నెలలూ నేను సొంత ఇంట్లోనే దొంగలా బతికాను. దొంగిలించిందేమీ లేదు. నెలకొక అట్టపెట్టెని మా ఆయన కంట పడకుండా దాచడం, అంతే నా పని. దాపరికం చేతకాని మనిషిని నేను. మనసులో ఉన్నది మొహం మీద అచ్చుగుద్దినట్టు కనిపిస్తుందని పెళ్ళైన కొత్తలోనే మా ఆయన కనిపెట్టేశారు. అలాంటి నా చేత ఆ పని చేయించింది మా అమ్మాయి పండు.

మాది టైలరు ఇల్లు. వీధి గది కొట్టు, వెనక రెండు గదులూ వంటిల్లూ కాపురం. రెంటికీ మధ్య ఒక్క కర్టెన్ అడ్డం. మా ఆయన్ని ఊరంతా మాస్టరు గారంటుంది. గుడ్డ కత్తిరించడం, భుజాలు కూర్చడం, చేతులెక్కించడం ఆయన వంతు. గుండీలు, కాజాలు, అంచు మడతలు నా వంతు. ఆయన కత్తెర నేను ముట్టుకోను, నా సూదుల డబ్బా ఆయన ముట్టుకోరు. పాతికేళ్ళుగా అదే లెక్క.

రెండేళ్ళ కిందట రోడ్డుకి అవతల రెడీమేడ్ బట్టల షాపు వచ్చింది. సగం మంది కస్టమర్లు రోడ్డు దాటేశారు. సాయంత్రం ఆ షాపు బోర్డు వెలిగితే చాలు, మా ఆయన మొహంలో దీపం ఆరిపోయేది. ఓసారి మా మరిది కొన్న చొక్కా వేసుకొచ్చాడని ఆయన పలకరించకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత తమ్ముడింటి గడప తొక్కలేదు. "ఈ ఇంట్లోకి కొన్న బట్ట రాకూడదు" అన్నది ఆయన పెట్టిన రూలు. పండు పుట్టినప్పట్నుంచీ దాని ఒంటి మీద బయటి బట్ట ఒక్కటి పడలేదు. నా జాకెట్టు చేతి కుట్టు ఊడి నెల్లాళ్ళైనా పట్టించుకోని మనిషి, దాని బట్టలు మాత్రం ఎంత పనున్నా ముందు కుట్టేవారు.

పండుకి ఇరవై మూడు. పళ్ళ ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుని పేషెంట్ల పేర్లు రాసుకునే ఉద్యోగం దొరికింది. మూడు నెలలు చూస్తారట, నచ్చితే ఖాయం చేస్తారట. చేరిన వారానికి ఒక సాయంత్రం తడిసిన గొడుగుతో తిన్నగా వంటింట్లోకే వచ్చేసింది.

"పెద్దమేడమ్ నన్ను పక్కకి పిలిచింది" అంది గుసగుసగా. "ఈ బట్టలు ఇంట్లో కుట్టినవా అనడిగింది. అవునన్నాను. 'తెలుస్తోంది' అంది."

"తెలిస్తే ఏంటంట? దాని సొమ్మేం పోయింది?"

"అమ్మా, మెల్లిగా! ముందు బల్ల దగ్గర కూర్చునేవాళ్ళని బట్టే ఆసుపత్రి మీద నమ్మకం కుదురుతుందంట. ఆఖర్న పైవాళ్ళంతా కూర్చుని నన్ను చూస్తారంట. ఈలోగా కాస్త మారమంది. నాకంటే ముందు చేరినమ్మాయిని ఇందుకే పంపేశారంట."

"నాన్నకి చెబుదాం. ఇంకో మోడల్లో కుడతారు."

"ఏమని చెప్తావ్? మీరు కుట్టిన బట్టల వల్ల మీ కూతురి ఉద్యోగం ఊడేట్టుందని చెప్తావా? చెప్పు, ఇప్పుడే పిలుస్తా."

కర్టెన్ అవతల మిషను టకటకలాడుతోంది. ఆ ఉద్యోగం కోసం అది ఏడాదిగా ఎక్కని మెట్టు లేదు. ఇటు చూస్తే ఈయనకి కొట్టు తర్వాత మిగిలిన గర్వం అదొక్కతే. దాని వీపు చూసి "ఎవరు కుట్టారమ్మా?" అని ఎవరైనా అడిగితే ఆయనకి ఆ రోజు కడుపు నిండిపోయేది.

పండు అప్పటికే దారి వెతికి పెట్టుకుంది. ఫోన్లో చూపించింది. నెలకోసారి పెట్టె వస్తుందట. అందులో ఐదు రకాల బట్టలు. మనకేం నప్పుతాయో అక్కడ ఒకావిడ కూర్చుని ఎంచి పంపుతుందట. నచ్చినవి ఉంచుకుని మిగతావి ఐదు రోజుల్లో తిప్పి పంపేయాలట.

"నీకేం నప్పుతుందో తెలిసినాయన ముందు గదిలో ఉండగా, మొహం కూడా చూడని ఆవిడెవరే చెప్పడానికి?" అన్నాను. మండింది నాకు. అయినా టేపు తీసుకుని వంటింటి తలుపు వేశాను. కొలతలు నేనే తీశాను. నేను చదువుతుంటే అది ఫోన్లో కొట్టుకుంది.

మొదటి పెట్టె మధ్యాహ్నం పూట వచ్చింది. పెట్టె తెచ్చినతను వెనక సందులోంచి వస్తాడనుకుంటే నేరుగా కొట్టు మెట్లెక్కాడు. మా ఆయన ఒక కస్టమరు మెడచుట్టూ టేపు పెట్టి ఉన్నారు. నేను కర్టెన్ తోసుకుని ఉరికాను.

"ఏంటది?" అన్నారు, టేపు మీంచి కళ్ళు తీయకుండా.

"పండుకి. ఆసుపత్రి వాళ్ళు పంపిన కాగితాలు."

"అంత పెట్టెడు కాగితాలా?"

"పళ్ళ బొమ్మలు కూడా ఉంటాయి కదండీ" అన్నాను. పళ్ళ బొమ్మలట! నా తెలివికి నేనే సిగ్గుపడ్డాను. కస్టమరు నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. అంకె రాసుకున్నారు. నేను పెట్టెని తీసుకెళ్ళి కత్తిరింపు ముక్కల గోనెసంచి అడుగున తోశాను.

సాయంత్రం వెనక గదిలో పండు ఒక్కొక్కటే వేసుకుంది. మిషను చప్పుడు వినిపించినంతసేపూ తొడుక్కునేది. మిషను ఆగితే మేమూ ఆగేవాళ్ళం. అది ఒక చేయి బట్టలో, ఒక చేయి గాల్లో పెట్టుకుని శిలలా నిలబడేది. మళ్ళీ టకటక మొదలైతే ఊపిరి పీల్చుకునేవాళ్ళం.

ఐదూ వదులే. చొక్కాలో ఇంకో పండు పట్టేట్టుంది. ప్యాంటు జారి మోకాళ్ళ మీద ఆగింది. అది మంచం మీద కూలబడి "ఇవీ నాన్న కుట్టినట్టే ఉన్నాయి!" అని ఏడుపు అందుకుంది.

అప్పుడు వెలిగింది నాకు. మా ఇంట్లో కొలతంటే ఒంటి కొలత కాదు, బట్ట కొలత. టేపు మీద ముప్పై నాలుగుంటే నోటితో ముప్పై ఏడంటాం. ఆ మూడూ ఊపిరాడ్డానికీ చేతులాడ్డానికీ. పాతికేళ్ళ అలవాటు, నాకు తెలియకుండానే ప్రతి అంకెకీ లూజు కలిపి చదివేశాను. వాళ్ళు దాని మీద మళ్ళీ వాళ్ళ లూజు కలిపారు.

"టైలరు పెళ్ళానికి కొలతలు తీయడం రాదని నలుగురికీ తెలిస్తే మన పరువేం కావాలే" అన్నాను. ఏడుస్తూనే నవ్వింది. మిషను ఆగింది. ఇద్దరం నోళ్ళు మూసుకున్నాం.

లూజు తీసేసిన కొలతలు పంపాక వచ్చిన రెండో పెట్టెని నేను సందు మొదట్లోనే కాపు కాసి పట్టుకున్నాను. అందులో రెండు మెత్తటి చొక్కాలు ఒంటికి సరిపోయాయి. పండు వాటిని సంచిలో పెట్టుకుని నాన్న కుట్టిన బట్టల్లో ఇల్లు దాటి, ఆసుపత్రి బాత్రూంలో మార్చుకునేది. సాయంత్రం మళ్ళీ మార్చుకుని వచ్చేది. ఓరోజు మార్చుకోవడం మరిచి వీధి మలుపు దాకా వచ్చేసింది. కొట్టు గుమ్మంలో నాన్న నిలబడి ఉండటం చూసి వానలో అటే తిరిగి పరుగెత్తింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన "ఇందాక మలుపులో ఒకమ్మాయిని చూశాను, అచ్చం మన పండు నడకే" అన్నారు. పండుకి పొలమారింది. నేను నీళ్ళందించి కూరలో ఉప్పు చాలిందా అనడిగాను.

మూడో పెట్టె గురువారం వచ్చింది. పైవాళ్ళు చూసేది సోమవారం. ఈసారి అందులో ముదురు నీలం కోటుంది. మీద ఆ ఎంచి పంపే ఆవిడ చేత్తో రాసిన చీటీ: "మీకు ముఖ్యమైన రోజు అన్నారు కదా. ఇది వేసుకుని వెళ్ళండి." పండు వేసుకుంది. నిజం చెప్పొద్దూ, నా కూతురు అంత పెద్దదైందని నాకు ఆ క్షణం దాకా తెలియలేదు.

ఒక్కటే లోపం. కుడి భుజం దగ్గర ముడత. చంక నుంచి మెడ దాకా ఏటవాలుగా ఒక గీత. సవరిస్తే పోతుంది, చేయి కదిపితే వస్తుంది. పండు అద్దం ముందు పదిసార్లు లాగి చూసుకుంది.

"వేరేది పంపించమంటే పది రోజులంట" అంది. మొహం వాడిపోయింది. "ఆ మేడమ్ కన్ను తిన్నగా దీని మీదే పడుతుంది."

"భుజం వెడల్పెక్కువైనట్టుంది. కాస్త లోపలికి పట్టేస్తే సరి" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో! భుజం నా పని కాదు.

శనివారం మధ్యాహ్నం మా ఆయన లైనింగు గుడ్డ కోసం బజారుకి వెళ్ళారు. పండు డ్యూటీలో ఉంది. కొట్టు తలుపు దగ్గరగా వేసి, ఆయన బల్ల మీద కోటు పరిచి, ఆయన కత్తెర చేతిలోకి తీసుకున్నాను. కుడిచేయి కుట్టు విప్పాను. ఒక పావు అంగుళం లోపలికి తీశాను. తిరిగి చేయి ఎక్కించబోతే చంక చుట్టుకొలత కుదరలేదు. మళ్ళీ విప్పాను. ఇంకాస్త కత్తిరించాను. ఇంకా అన్యాయమైంది. లైనింగు ఒక పక్కకి, పైగుడ్డ ఒక పక్కకి వేలాడుతున్నాయి. ఇక తిప్పి పంపడానికీ లేదు, వేసుకోవడానికీ లేదు. నా కూతురి ఉద్యోగం నా ఒళ్ళో రెండు ముక్కలై ఉంది.

వాన పెద్దదైంది. తలుపు తోసుకుని తల తుడుచుకుంటూ ఆయన లోపలికొచ్చారు.

కత్తెర నా చేతిలోనే ఉంది.

"ఎవరిది?" అన్నారు.

"కస్టమరుది. కొత్తమ్మాయి. పండుకి తెలిసినమ్మాయే."

"భుజం ఎందుకు విప్పావు?"

"ముడత పడుతోందంది. మీకు పని ఎక్కువైందని నేనే..."

"ఏ వైపు?"

"కుడివైపు."

"ఎలా పడుతోంది ముడత? అడ్డంగానా, నిలువుగానా?"

"ఏటవాలుగా. చంక నుంచి మెడ దాకా."

ఆయన కోటు అందుకున్నారు. లోపలి కుట్టు చూశారు, కాలరు వెనక బట్టల కంపెనీ పట్టీ చూశారు. గొంతు పెంచుతారని, కోటు విసిరి కొడతారని ఎదురుచూస్తున్నాను. తిట్టినా బాగుండేది.

"ఏటవాలుగా" అన్నారు, తనలో తాను అనుకున్నట్టు. "ఎప్పటికి కావాలి?"

"సోమవారం పొద్దున్నకి."

"ఇస్తానని చెప్పు" అని కత్తెర కోసం చేయి చాపారు.

ఆదివారం కొట్టు తెరవలేదు. ఆయన తలుపులు వేసుకుని కోటు ముందు కూర్చున్నారు. పండు పొద్దున్నే స్నేహితురాలింటికి పోయింది. కోటు సంగతి దానికి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది, కుడుతున్నానని మాత్రం అన్నాను. పది గంటలకి టీ తీసుకెళ్ళాను. నేను కత్తిరించిన చోట ఆయన అదే రంగు ముక్క వెతికి, అతుకు కనబడకుండా వేసి ఉన్నారు. కొలతల కోసం అడుగుతారేమో, ఏ అబద్ధం చెప్పాలా అని రాత్రంతా లెక్కలు వేసుకున్నాను. ఆయన అడగనే లేదు. సుద్దతో చకచకా గీతలు గీసుకుంటున్నారు. తర్వాత దళసరి గుడ్డ రెండు పొరలు కలిపి, అరచేతంత ప్యాడ్ కత్తిరించారు.

"ఒక్కటేనా?" అన్నాను. భుజాల ప్యాడ్లు ఎప్పుడూ జతగానే కత్తిరిస్తారు.

"ఒక్కటే కావాలి" అన్నారు. ప్యాడ్‌ని కుడి భుజం లోపల పెట్టి గుండుసూది గుచ్చారు.

టీ గ్లాసు బల్ల మీద పెట్టాను. కూర్చున్నాను.

"మీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు ఏటవాలుగా అన్నప్పుడు." ఆయన తలెత్తలేదు. "నాలుగేళ్ళప్పుడు ఈ బల్ల మీంచి పడింది, గుర్తుందా? నేనే కూర్చోబెట్టాను. గుడ్డ అందుకోడానికి ఇటు తిరిగాను, అటు పడింది. భుజం ఎముక అతికింది కానీ అర అంగుళం దిగి అతికింది. పెరిగేకొద్దీ సర్దుకుంటుందన్నాడు డాక్టరు. సర్దుకోలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీ కళ్ళు ఎప్పుడూ అక్కడే ఉంటాయి. నీ మొహం చూసి దానికి తెలిసిపోతుంది. ఆడపిల్ల, అద్దం ముందు నిలబడ్డ ప్రతిసారీ అదే చూసుకుంటుంది."

నేను లేచి లోపలికి వెళ్ళాను. పండు అలమర తెరిచి దాని బట్టలన్నీ మంచం మీద పోశాను. ఒక్కొక్కదాని కుడి భుజం వేళ్ళతో నొక్కి చూశాను. చిన్నప్పటి గౌను దగ్గర్నుంచి మొన్న మొన్నటి చొక్కా దాకా, ప్రతిదాంట్లోనూ కుట్టు లోపల పల్చటి గుడ్డ పొర ఉంది. ఎడమవైపు లేదు. పందొమ్మిదేళ్ళు ఇవి ఉతికాను, ఆరేశాను, మడతపెట్టాను. చేతికి తగిలినప్పుడల్లా కుట్టు మందమనుకున్నాను. కన్నతల్లిని, నాకు తెలియలేదు. ఈయన పొగరనుకున్నాను, చాదస్తమనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

తిరిగి వచ్చేసరికి ఆయన చేయి ఎక్కిస్తున్నారు.

"ఎందుకు కొంది?" అన్నారు.

ఇంకో అబద్ధం ఆడొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ మనిషి ముందు ఇక ఆడలేకపోయాను.

"దాని ఉద్యోగం సోమవారం తేలుతుందండీ. వేసుకెళ్ళే బట్టలు ఇంట్లో కుట్టినవని తెలుస్తోందని మేడమ్ అందంట. మీరు బాధపడతారని మీకు చెప్పలేదు."

మిషను ఆగింది. ఆయన దారం కొరికి తుంచారు.

"తెలుస్తుంది" అన్నారు. "దాని భుజం దాచాలని చూశాను కానీ, నా కుట్టుని దాచలేకపోయాను." సూదిలో మళ్ళీ దారం ఎక్కిస్తూ అన్నారు, "భుజం సంగతి దానికి చెప్పకు."

సోమవారం పొద్దున పండు వంటింట్లో కోటు వేసుకుంది. ముడత లేదు. అటు తిరిగి, ఇటు తిరిగి, చేతులెత్తి చూసుకుంది. "అమ్మా, నీకింత పని వచ్చని తెలీదే!" అని నన్ను వాటేసుకుంది. పైన వేసుకోవడానికి పాత శాలువా తీసి వెనక తలుపు గడియ మీద చేయి వేసింది.

"వీధి గుమ్మంలోంచి వెళ్ళు" అన్నాను.

"పిచ్చా నీకు?"

"నాన్నకి తెలుసు. ఆ భుజం కుట్టింది ఆయనే. నాకు చేతకాదు."

పండు శాలువా నా చేతిలో పెట్టింది. కర్టెన్ తీసి, కొట్టు గదిలోకి నడిచింది. ఆయన బల్ల దగ్గర వంగి గీతలు గీస్తున్నారు. తలెత్తి చూశారు. దాని మొహం కేసి కాదు, భుజాల కేసి. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. మళ్ళీ తల దించుకున్నారు. "వెళ్ళొస్తా నాన్నా" అన్న మాట సగంలోనే ఆగిపోయింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఆయన మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. రెండుసార్లు పిలిచాను. "ఆకలి లేదు" అన్నారు. వాన వెలిసింది. ఎదుటి షాపు బోర్డు వెలిగింది. పండు ఇంకా రాలేదు. ఖాయం చేయకపోతే నెపం ఎవరి మీద పడుతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కాజా కుడుతూ రెండుసార్లు వేలికి సూది గుచ్చుకున్నాను.

ఏడు కావస్తుండగా వచ్చింది. కొట్టు మెట్లే ఎక్కింది. కోటు ఒంటి మీదే ఉంది.

"ఖాయం చేశారు" అంది. అంతే, నిలబడిపోయింది. అంత మంచి మాట అంత భయంగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

"కోటు విప్పు" అన్నారాయన.

అది విప్పి ఇచ్చింది. ఆయన లోపల చేయి పెట్టి, భుజం కుట్టు వేలితో తడిమి, వెలుతురులో తిప్పి చూశారు.

"పొద్దున్నించీ ఎక్కడా పట్టలేదుగా?"

"లేదు నాన్నా. అసలు వేసుకున్నట్టే లేదు." అని ఒక్కసారిగా ఏడ్చేసింది. "నాన్నా, నేను మీకు చెప్పకుండా..."

"నాకు బాధేసింది. వేయలేదని చెప్పను" అన్నారు. కోటు తిరిగి దానికి తొడిగించి, వెనక దుమ్ము దులిపారు. "ఇకమీదట బయటే కొనుక్కో తల్లీ. అవే బాగున్నాయి నీకు. కానీ కొన్నది వేసుకునే ముందు ఒకసారి నాకియ్యి."

"ఎందుకు నాన్నా?"

ఆయన నా కేసి చూశారు. నేను నా మొహం తిప్పుకుని గుండీల డబ్బాలో ఏదో వెతకసాగాను.

"వాళ్ళకి భుజాలు కుట్టడం రాదమ్మా" అన్నారు.

"అవునే" అన్నాను నేను. "అస్సలు రాదు వాళ్ళకి."